చావు సీను తర్వాత టీ

ఫిల్మ్ నగర్‌లో రష్మి గురించి ఒక మాట తిరుగుతోంది. ఇంటర్ మధ్యలో మానేసిన పిల్ల కంప్యూటర్‌తో పోటీకి కూర్చుని దాన్ని ఓడించిందట. పెద్ద చదువులవాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టి చూస్తుంటే, కాగితం మీద చకచకా షూటింగ్ షెడ్యూలు గీసి పారేసిందట. ఆ దెబ్బకి యూనివర్సిటీవాళ్ళు ఇంటికి కారు పంపించి మరీ తీసుకెళ్ళి పరిశోధన ఉద్యోగంలో కూర్చోబెట్టారట. టీ కొట్టు దగ్గర ఈ కథ చెప్పేవాళ్ళు తలా ఒక మెరుగు దిద్దుతారు. లైట్లాయన చెప్పే కథలో కంప్యూటర్‌లోంచి పొగ కూడా వస్తుంది.

పొగ రాలేదు. కారూ రాలేదు. రష్మి ఆ రోజు కూడా మోతీనగర్ నుంచి బస్సులోనే వచ్చింది, నిలబడి.

ఎవరైనా పేరడిగితే చెప్పడానికి ముందు ఒకసారి గొంతు సవరించుకునే పిల్ల రష్మి. ఆమె తల్లి కొమురమ్మ ఫిల్మ్ నగర్‌లోని ఒక సినిమా కంపెనీలో కాస్ట్యూములు ఇస్త్రీ చేస్తుంది. నాలుగేళ్ళ క్రితం కొమురమ్మ చెయ్యి కాలింది. మానేదాకా నాలుగు నెలలు నువ్వు నిలబడు బిడ్డా అంటే, రష్మి కాలేజీ సంచి పక్కన పెట్టి వచ్చి ఇస్త్రీ పెట్టె పట్టుకుంది. చెయ్యి మానింది గానీ, రష్మి కాలేజీకి తిరిగి పోలేదు. చేతిరాత ముత్యాల్లా ఉందని ప్రొడక్షన్ మేనేజర్ అచ్యుతరామయ్య ఆమెను ఆఫీసులోకి పిలిచి కాల్‌షీట్లు రాసే పని అప్పగించాడు. ఏ రోజు ఏ సీను, ఏ ఆర్టిస్టు ఎన్నింటికి రావాలి అని రాసి పంపే కాగితాలవి.

ఇస్త్రీ గదిలో నిలబడ్డ మనిషిని ఎవరూ పట్టించుకోరు. ఆమె ముందే అన్నీ మాట్లాడుకుంటారు. రష్మి విన్నవన్నీ ఒక రెండొందల పేజీల నోటు పుస్తకంలో రాసుకునేది. ఫలానా హాస్యనటుడు పడమటి గేటులోంచి లోపలికి రాడు. ఫలానా ఇద్దరు సీనియర్ నటీమణులకు పదకొండేళ్ళుగా మాటల్లేవు, ఒకే మేకప్ గదిలో పెట్టకూడదు. హీరో గడ్డం ఒత్తుగా కనిపించాలంటే పద్దెనిమిది రోజులు కావాలి. అద్దె గుర్రం ఉన్న రోజు టపాసుల సీను పెడితే గుర్రం పారిపోతుంది, ఒకసారి పారిపోయింది కూడా. ఇవన్నీ ఎందుకు రాస్తోందో ఆమెకే తెలియదు. రాయకపోతే తోచేది కాదు, అంతే.

ఆఫీసు గోడకు ఒక పెద్ద అట్ట బోర్డు ఉండేది. ఒక్కో సీనుకు ఒక్కో రంగు చీటీ. వాటిని రోజుల కింద గుండుసూదులతో గుచ్చుతూ అచ్యుతరామయ్య షెడ్యూలు వేసేవాడు. ముప్ఫై నాలుగేళ్ళుగా అదే పద్ధతి. నోట్లో ఒక సూది, చేతిలో ఒక చీటీ, కళ్ళజోడు నుదుటి మీద.

ఆ ఎండాకాలం ఒక కుటుంబ కథ తీస్తున్నారు. నూటపన్నెండు సీన్లు, అచ్యుతరామయ్య లెక్కన ముప్ఫై ఎనిమిది రోజులు. నిర్మాతకు అన్ని రోజులు నచ్చలేదు. ఆయనకు తెలిసినవాళ్ళ ద్వారా లీలాకుమారి అనే ప్రొఫెసరు వచ్చింది. సన్నగా, నూలు చీరలో, భుజాన ల్యాప్‌టాప్ సంచితో. సవాలక్ష షరతుల మధ్య ఏది ఎప్పుడు చేయాలో కంప్యూటర్‌ చేత తేల్పించడం ఆమె పరిశోధన. ఈ సినిమాతో అది పనిచేస్తుందని తేలితే, జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర పెట్టిన వాళ్ళ ల్యాబు నిలబడుతుంది. లేకపోతే సర్దుకోవాలి.

"ఎలా వేయాలో మీరు చెప్పక్కర్లేదండీ," అంది లీలాకుమారి. "ఏది కుదరదో చెప్పండి చాలు. కుదిరేదేదో అది వెతుక్కుంటుంది."

"ఏది కుదరదో చెప్పమంటే సాయంత్రం దాకా చెప్తానండీ," అన్నాడు అచ్యుతరామయ్య, కుర్చీలో వెనక్కి వాలి. "ఈ ఫీల్డులో కుదిరేది చెప్పమంటేనే కష్టం."

ఆయన చెబుతున్నాడు, ఆమె టైపు చేస్తోంది. జూబ్లీహిల్స్ బంగళా తొమ్మిది నుంచి ఇరవై దాకానే ఇస్తారు. తాత వేషం వేసే సత్యనారాయణమూర్తి గారు తొమ్మిది నుంచి పద్నాలుగు దాకానే ఉంటారు, ఆ తర్వాత మోకాలి ఆపరేషను. మనవరాలి వేషం వేసే పాప సాయిసుధకు రోజూ నాలుగింటికి ట్యూషన్, మూడున్నరకు వదిలేయాలి. తాత చనిపోయే సీనులో పదకొండు మంది ఉండాలి.

రష్మి జిరాక్సు కాగితాలు పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి ఉంది. లీలాకుమారి నమూనాకి చావు సీనును తెర మీద పద్నాలుగో తారీఖు గడిలో పెట్టింది. పెట్టగానే మిగతా సీన్ల ఎదురుగా ఉన్న తారీఖులు ఒక్కొక్కటే ఆరిపోయాయి. ఈ సీనుకు ఇక పదకొండు లేదు, ఆ సీనుకు పన్నెండు లేదు. అవి ఆరిపోయినందుకు ఇంకో రెండు సీన్లలో ఇంకో నాలుగు తారీఖులు ఆరిపోయాయి. దీపాలార్పే మనిషెవడో వీధి వెంట పరుగెత్తుతున్నట్టు.

రష్మి తెరకేసి మెడ సాచింది. బోర్డు ముందు నిలబడినప్పుడల్లా తన తలలో జరిగేది ఇదే. ఒక చీటీ గుచ్చగానే మిగతావి ఎక్కడెక్కడ కుదరవో కళ్ళకు కట్టేది. నాలుగైదు చీటీలు దాటాక తల దిమ్మెక్కి వదిలేసేది. ఈ యంత్రం వదిలేయడం లేదు.

"ఇంకేమైనా ఉన్నాయా?" అని లీలాకుమారి తలెత్తింది. ఆమె చూపు గుమ్మం దాకా వచ్చి రష్మి మీద ఆగింది. "ఎవరైనా చెప్పొచ్చు."

రష్మి నోటు పుస్తకంలో, పద్నాలుగో పేజీలో, సత్యనారాయణమూర్తి గారి గురించి ఒకటి రాసి ఉంది. అది నాలుక చివరిదాకా వచ్చింది.

"అంతేనండీ," అన్నాడు అచ్యుతరామయ్య. "ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసు. నాకు తెలియంది ఇంకేముంటుంది?"

ఆ తర్వాత నోరు తెరిస్తే పెద్దాయన మాటకు అడ్డం వెళ్ళినట్టే. రష్మి గొంతు సవరించుకుంది. అంతవరకే.

వెళ్ళేముందు లీలాకుమారి ఆమెకొక కాగితం ఇచ్చి పది జిరాక్సులు తీయమంది. ల్యాబులో ఒక పరిశోధన పోస్టు ఉంది, ఈ సినిమా షెడ్యూలు గట్టెక్కగానే తీసుకుంటారు. షరతుల్ని సేకరించి, కంప్యూటర్‌కు అర్థమయ్యేలా రాసి, అది ఇచ్చిన జవాబు సరైందో కాదో చూడాలి. అర్హత దగ్గర ఇలా ఉంది: ఎంటెక్ చదివి ఉండాలి, లేదా షెడ్యూళ్ళు వేసే పనిలో నాలుగేళ్ళ అనుభవం ఉండాలి.

రష్మి ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివింది. పదకొండు జిరాక్సులు తీసింది. ఒకటి నోటు పుస్తకంలో దాచుకుంది.

"ఏందే, గా కాయిదం పట్టుకొని పొద్దుగాలటిసంది గట్లనే సూస్తున్నవ్?" అంది కొమురమ్మ ఇంట్లో. "పెండ్లి పత్రికనా?"

"నౌకరి కాయిదం."

"ఎవలికి?"

రష్మి కాగితాన్ని మడిచి నోటు పుస్తకంలో పెట్టేసింది. కొమురమ్మ కూతురి మొహంలోకి ఒకసారి తేరిపార చూసి, కంచంలో ఇంకో గరిటె కూర వేసింది.

మూడో రోజుకు కంప్యూటర్ షెడ్యూలు ఇచ్చింది. ముప్ఫై మూడు రోజులు. ఐదు రోజులు మిగిలాయి. నిర్మాత లడ్డూలు పంచాడు. అచ్యుతరామయ్య ఆ కాగితాన్ని కళ్ళజోడు పెట్టుకుని చూశాడు, తీసి చూశాడు. "తప్పు పడదామంటే దొరకట్లేదమ్మాయ్," అన్నాడు రష్మితో, కొంచెం దిగులుగా. కాల్‌షీట్లు వెళ్ళిపోయాయి.

మర్నాడు, శుక్రవారం, సత్యనారాయణమూర్తి గారు ఫోన్ చేశారు. డెబ్బై ఎనిమిదేళ్ళ గొంతు, గది మొత్తం వినిపించింది.

"ఏవయ్యా అచ్యుతం. నన్ను శవాన్ని చేసి ఇంటికి పంపిద్దామనుకుంటున్నావా?"

"అయ్యయ్యో, అదేం మాటండీ?"

"పద్నాలుగు నా ఆఖరి రోజు. ఆ రోజు నాకున్నది ఒకటే సీను, అదీ చావు సీను. ముక్కులో దూది పెట్టించుకుని, దండ వేయించుకుని, అటునుంచి అటే ఆసుపత్రికి వెళ్ళి ఆపరేషను బల్లెక్కాలా? నేను రానయ్యా. డేట్లు కాన్సిల్."

శవంగా పడుకున్న ఆర్టిస్టు షాటు అవగానే లేచి కెమెరాకేసి ఒక నవ్వు నవ్వడం అందరూ పాటించేదే. సత్యనారాయణమూర్తి గారికి ఆ ఉత్తుత్తి నవ్వు చాలదు. చావు సీను చేసిన రోజున, ప్యాకప్ లోపు, కథలో బతికున్న సీను ఇంకొకటి చేసి తీరాలి. నలభై ఏళ్ళుగా ఆయన పట్టింపు అది. అదే రష్మి పుస్తకంలో పద్నాలుగో పేజీ.

అచ్యుతరామయ్య తల పట్టుకున్నాడు. ఆయనకు తెలియక కాదు. ఇన్నేళ్ళూ చావు సీను చీటీ చేతిలోకి రాగానే, దాని కింద బతికున్న సీను చీటీ ఒకటి దానంతటదే గుచ్చేవాడు. అది ఆయన వేళ్ళకు తెలుసు. ఏది కుదరదో చెప్పమన్నప్పుడు నోటికి రాలేదు.

నిర్మాత వచ్చి రెండు ముక్కల్లో తేల్చేశాడు. సోమవారం సాయంత్రంలోగా పెద్దాయన ఒప్పుకునే షెడ్యూలు బల్ల మీద ఉండాలి. లేకపోతే పాత ముప్ఫై ఎనిమిది రోజులకే వెళ్దాం, ఆ ప్రొఫెసరమ్మకు దండం పెట్టి పంపించేయండి.

ల్యాబు పోతే పోస్టు పోతుంది. ఆ మాట రష్మికి ఎవరూ చెప్పక్కర్లేదు. నేను ఆ రోజు నోరు తెరిచి ఉంటే, అనుకుంది. పుస్తకంలోని జిరాక్సు కాగితం ఒళ్ళో నిప్పులా ఉంది.

శనివారం పొద్దున్నే వచ్చి బోర్డు మీదున్న చీటీలన్నీ పీకేసింది. కంప్యూటర్ ఇచ్చిన షెడ్యూలును మళ్ళీ గుచ్చి మార్చడం మొదలుపెట్టింది. చావు సీనును ముందుకు జరపాలని చూసింది. పదకొండు మందీ కలిసేది ఒక్క పద్నాలుగునే. పోనీ ఆ రోజే ఇంకో సీను కలుపుదామంటే, బంగళాలో తాత బతికున్న సీన్లు మూడే. రెండు మిట్టమధ్యాహ్నపువి. ఆ వేళకు హాల్లో శవం ఉంటుంది, నాలుగు దాకా లేవదు. మిగిలింది టీ సీను. తాతా మనవరాలూ మేడ మీద కూర్చుని సాసర్లో టీ పోసుకుని తాగుతారు. ఏటవాలు ఎండ కావాలి కాబట్టి పొద్దున ఆరున్నరకైనా తీయాలి, సాయంత్రం ఐదున్నరకైనా తీయాలి. చావు తర్వాత రావాలంటే సాయంత్రమే. సాయంత్రానికి పాప ఉండదు. చీటీ పీకి ఇంకోచోట గుచ్చింది. అక్కడ హీరో గడ్డం అడ్డం వచ్చింది.

ఆదివారం కొమురమ్మ అన్నం డబ్బా పట్టుకుని వచ్చింది. కూతురి వేళ్ళకు సూదులు గుచ్చుకుని చుక్కలు చుక్కలుగా రక్తం.

"అయితదా బిడ్డా?"

"అయితలేదమ్మా."

"నీకు కాకుంటే ఎవలికి అయితదో ఆళ్ళను అడుగరాదు. నోరు లేదా నీకు?"

సోమవారం తొమ్మిదిన్నరకు రష్మి చెక్‌పోస్టు దగ్గర బస్సు దిగింది. ల్యాబు మెట్ల మీద రెండుసార్లు వెనక్కి తిరిగింది. మూడోసారి పైకెక్కింది. లీలాకుమారి ఒక్కతే కూర్చుని ఉంది, అప్పటికే సగం సామాను అట్ట పెట్టెల్లో పెట్టేసింది.

"మేడమ్, మూర్తి సార్ ముచ్చట నాకు ముందుగాలనే ఎరుక," అంది రష్మి, గొంతు సవరించుకోకుండానే. "ఆ దినం మీరు అడిగిన్రు. నేనే చెప్పలే."

లీలాకుమారి పుస్తకం అందుకుని పేజీలు తిప్పింది. పడమటి గేటు దగ్గర నవ్వింది. గుర్రం దగ్గర ఇంకా గట్టిగా నవ్వింది. తర్వాత నవ్వడం మానేసి, కుర్చీ జరిపి పక్కన చోటిచ్చింది. "కూర్చో. ఇవన్నీ ఎన్నాళ్ళ నుంచి రాస్తున్నావు?"

"నాలుగేండ్లు."

ఇద్దరూ కలిసి పద్నాలుగో పేజీని కంప్యూటర్‌కు చెప్పారు. చావు సీను ఏ రోజున ఉంటే, ఆ రోజునే దాని తర్వాత తాత బతికున్న సీను ఒకటి ఉండాలి. లీలాకుమారి మీట నొక్కింది. రెండు సెకన్లలో జవాబొచ్చింది. సాధ్యం కాదు.

రష్మి పుస్తకం మూయబోయింది. రెండు రోజులు బోర్డు చెప్పిందీ అదే.

"ఆగు, అప్పుడే అయిపోలేదు," అంది లీలాకుమారి. "కాదంటే ఎందుకు కాదో చెప్పమని అడగొచ్చు దీన్ని."

ఇంకోటి నొక్కింది. మొత్తం నాలుగొందల పైచిలుకు షరతులు. వాటిలో మూడే మూడు తెర మీద మిగిలాయి. చావు తర్వాత బతికున్న సీను ఉండాలి. టీ సీనుకు ఏటవాలు ఎండ కావాలి. సాయిసుధను మూడున్నరకు వదిలేయాలి.

"ఈ మూడూ ఒకచోట ఇమడవంటోంది. ఒక్కటి సడలితే చాలు, మిగతాదంతా అది చూసుకుంటుంది."

రష్మి ఆ మూడు వరుసల్నీ చూసింది. రెండు రోజులుగా ఆమె కదపని చీటీ లేదు, కదపాలని అనుకోని మాట మాత్రం ఒకటుంది. మూడున్నర అని మేనేజరు గారు చెప్పారు కాబట్టి మూడున్నరే. ఆమె చెయ్యి దానంతటదే పుస్తకంలోకి వెళ్ళింది. గౌను కొలతల కోసం వచ్చిన రోజు సాయిసుధ వాళ్ళమ్మ ఇస్త్రీ గదిలో కూర్చుని వాపోయింది. ఏదో హాస్టల్ స్కూలు ప్రవేశ పరీక్షట, దానికోసమే ఈ ట్యూషన్ గోల. పరీక్ష తారీఖు రష్మి రాసుకుంది.

"పన్నెండు, మేడమ్. ఆదివారం. పరీక్ష పన్నెండుకే అయిపోతది. పద్నాలుగున ట్యూషన్ ఎందుకుంటది?"

"నీకు ఖచ్చితంగా తెలుసా?"

రష్మి అప్పటికే ఫోన్ తీసింది. పెద్దగా పరిచయం లేనివాళ్ళకు ఫోన్ చేయాలంటే చేతులు చల్లబడే పిల్ల, ఆ క్షణంలో చేతుల సంగతే మరిచిపోయింది. అవతల పాప తల్లి నవ్వేసింది. "పన్నెండో తారీఖు దాటితే రాత్రి దాకా ఉంచుకో అమ్మా, మాకు ఇంట్లో దీనితో వేగడం లేదు."

మూడో వరుసను సవరించారు. పన్నెండో తారీఖు వరకు అని. లీలాకుమారి మీట మీద వేలు పెట్టి, మళ్ళీ తీసేసింది. "నువ్వు నొక్కు."

రష్మి నొక్కింది. తెర మీద తారీఖులు ఆరుతున్నాయి, వెలుగుతున్నాయి. ఒక దారిన కొంత దూరం వెళ్ళి, అక్కడ దారి మూసుకుపోతే చప్పుడు లేకుండా వెనక్కొచ్చి, ఇంకో దారి పడుతోంది. విసుగు లేదు, తల దిమ్మెక్కడం లేదు. రష్మి గోడ గడియారంలో సెకన్ల ముల్లును చూసింది. నలభై సెకన్లు. టీ సీను పద్నాలుగు సాయంత్రం ఐదున్నర గడిలో వచ్చి కూర్చుంది. దాని వెనకాల ఇరవై మూడు సీన్లు చోట్లు మారాయి. మొత్తం ముప్ఫై మూడు రోజులు, ఒక్క రోజూ పెరగలేదు.

లీలాకుమారి లేచి అట్ట పెట్టెలోంచి పుస్తకాలు తీసి మళ్ళీ అరలో పెట్టడం మొదలుపెట్టింది. రష్మి ఆమెకేసి చూడలేదు. మీట దగ్గరే కూర్చుని, "ఇంకోపారి నొక్కాల్నా మేడమ్? ఎట్ల ఎతికిందో మల్ల చూస్త," అంది.

పద్నాలుగున బంగళా హాల్లో సత్యనారాయణమూర్తి గారు నాలుగు దాకా చచ్చిపడి ఉన్నారు. పదకొండు మంది ఏడ్చారు. ఐదింటికి మొహం కడుక్కుని, శుభ్రమైన పంచె కట్టుకుని, మోకాలు పట్టుకుని మేడెక్కారు. కొమురమ్మ ఆ పంచెను రెండుసార్లు ఇస్త్రీ చేసింది. ఏటవాలు ఎండలో తాతా మనవరాలూ సాసర్లలో టీ పోసుకున్నారు. పాప ఊదిన ఊదుడుకు టీ ఆయన మీసాలకు చిందింది. అది కథలో లేదు. ఆయన పడీపడీ నవ్వారు. షాటు ఓకే అయింది.

కిందికి దిగుతూ ఆగారు. "అచ్యుతం, ఈ పూట ఇలా కుదిర్చిందెవరయ్యా?"

"మా పిల్లేనండీ," అన్నాడు అచ్యుతరామయ్య, రష్మి భుజం మీద చెయ్యేసి. ఆ సంతోషంలో ఆయన నోటికి పట్టపగ్గాల్లేవు. "కంప్యూటర్ కుదరదని చేతులెత్తేసిందండీ. ఇది దాన్ని ఓడించి చూపించింది."

చుట్టూ ఉన్న ముప్ఫై మందీ విన్నారు. కాదని చెప్పాలని రష్మి గొంతు సవరించుకునేలోపు పెద్దాయన ఆమె తల మీద చెయ్యి పెట్టేశారు. లైట్లాయన అప్పటికే ఫోనెత్తి ఎవరికో చెబుతున్నాడు.

ఇంటర్వ్యూ మే నెలలో జరిగింది. బల్లకు అవతల ముగ్గురు. లీలాకుమారి ఒక పక్కకు కూర్చుంది. మధ్యలో ఉన్న తెల్లజుట్టు ప్రొఫెసరు రష్మి దరఖాస్తును, ఆ పక్కనే ఉన్న నోటు పుస్తకాన్ని చూసి కళ్ళజోడు తీశాడు.

"కంప్యూటర్‌ని ఓడించావట కదమ్మా. మా డ్రైవరు కూడా చెబుతున్నాడు. మరి ఓడిపోయిన దాని దగ్గర నువ్వు నేర్చుకునేదేముంది?"

"లేదు సార్," అంది రష్మి. ఈసారి గొంతు ముందే సిద్ధంగా ఉంది. "నేను శనివారం, ఐతారం కూసున్న. నాతోని కాలే. అది నలభై సెకన్లల్ల చేసింది. ముడి ఏడ పడ్డదో వేలు పెట్టి చూపిచ్చింది. మూడు లైన్లు, సార్, నాలుగొందలల్ల. ఎట్ల పట్టిందో నాకు సమజ్ కాలే. అది నేర్చుకుందామనే వచ్చిన."

తెల్లజుట్టాయన చాలాసేపు పుస్తకం తిరగేశాడు. గుర్రం దగ్గర ఆగి పక్కాయనకు చూపించాడు.

వారం తర్వాత ఉత్తరం వచ్చింది. ఓపెన్ స్కూల్లో ఇంటర్ పూర్తి చేయాలన్న షరతు మీద ఉద్యోగం ఆమెదే. కొమురమ్మ దాన్ని ఇస్త్రీ పెట్టెతో ఒకసారి మెల్లగా సాపు చేసి దేవుడి పటం వెనక పెట్టింది. జూన్ ఒకటిన రష్మి చెక్‌పోస్టు దగ్గర బస్సు దిగి, మెట్లు ఒక్కసారికే ఎక్కేసింది.

టీ కొట్టు దగ్గర ఆ కథ ఇంకా నడుస్తూనే ఉంది. పొగ ఇప్పుడు మంటయింది.

ఆ షెడ్యూలును రష్మి రెండు రోజులు కూర్చున్నా వేయలేకపోయింది. వేసింది కంప్యూటరే.